రాజులు ఎందుకలా నవ్వుతారు

సెప్టెంబర్ 1, 2002

దానియేలు మావయ్యకి కొయ్యూరు ట్రాన్స్‌ఫర్. ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద చెప్పాడు. ఏజెన్సీలో లైన్‌మన్ పనంటే మాటలా — కొండల మీద స్తంభాలు, వానలు, జ్వరాలు. అందరూ అయ్యో అన్నారు. నేనూ అన్నాను. లోపల మాత్రం ఒకటే మాట గిర్రున తిరుగుతోంది. హేరోదు వేషం ఖాళీ... హేరోదు వేషం ఖాళీ...

దేవుడు నన్ను క్షమించాలి.

మా గుడి క్రిస్మస్ నాటికలో వేషమంటే హేరోదు రాజే. మిగతావాళ్ళంతా గొర్రెల పక్కన నిలబడేవాళ్ళు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ దేవదూత వేషం. తెల్లచీర, వీపుకి అట్టముక్క రెక్కలు, ఒకే ఒక్క డైలాగు — "భయపడకండి." డిగ్రీ రెండో ఏడుకొచ్చాను, ఇప్పటిదాకా ఎవరినీ భయపెట్టింది లేదు.

హేరోదు సంగతి వేరు. బెత్లెహేము పసిపిల్లల్ని చంపమని ఆజ్ఞ ఇచ్చి, నవ్వాలి. ఆ నవ్వుకి ముందు వరుసలో తల్లుల ఒళ్ళో పిల్లలు గుక్కపట్టి ఏడవాలి. ఎంతమంది ఏడిస్తే అంత గొప్ప హేరోదు. ఎక్కడా రాసిలేదు కానీ మా సంఘంలో అందరికీ తెలిసిన లెక్క. దానియేలు మావయ్య నవ్వితే గుడి బయట కుక్కలు కూడా ఏడ్చేవని చెప్పుకుంటారు. ఆయనే చెప్పుకుంటాడు.

ఈసారి హేరోదు నేనే.

సెప్టెంబర్ 3

ఆడపిల్ల హేరోదేమిటి అంటారు. అననీ.

సెప్టెంబర్ 6

ముందు రాజనేవాడు ఎలా ఉంటాడో చూడాలి. కేబుల్లో మధ్యాహ్నం రెండింటికి రాజుల సినిమాలు వేస్తున్నారు. మా ఇంట్లో టీవీ అంటే వార్తలు, క్రికెట్టు... ఇంకేమీ చూడకూడదు. నాన్న రూలు. నాన్న కొయ్యూరు బస్సు కండక్టరు, రెండింటికి ఏ కొండ మలుపులోనో టిక్కెట్లు కొడుతుంటాడు. అమ్మకి సిలబస్ చూపించాను. హిస్టరీ పేపరు — మధ్యయుగాలు.

"సదువుకేనా?"

"చదువుకే అమ్మా."

మామ్మ వచ్చి చాపేసుకుని నా పక్కన కూర్చుంది. ఉజ్జీవ కూటాల్లో అందరి ముందూ లేచి నిలబడి సినిమాలు మానేస్తానని చెప్పిన మనిషి. గుర్తుచేశాను.

"సినిమాలు మానీసాను. ఇది సదువు కదేటి. నాను సదూకోకూడదా?"

హేరోదు మధ్యయుగాలవాడు కాడు, అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందువాడు. ఆ సంగతి మామ్మకి చెప్పలేదు. మామ్మ లెక్కలో యేసుప్రభువుకీ మిషనరీ దొరలకీ మధ్యనున్నదంతా ఒకటే రాజుల కాలం.

సెప్టెంబర్ 7

మొదటి సినిమా. తెలుగుది, నలుపు తెలుపు. రాజుగారు మెట్లు దిగుతాడు. మళ్ళీ ఎక్కుతాడు. రాజ్యానికి సంబంధించి ఇంకేం పని చేసినట్టు కనబడలేదు. కోశాధికారి లేడు, పన్నులు లేవు, ఒక్క కాగితం మీద సంతకం లేదు. గూఢచారి స్తంభం వెనక దాక్కున్నాడు. స్తంభం కంటే గూఢచారి లావు. అయినా ఎవరికీ కనబడడు.

చెరసాల కాపలావాడు నిద్రపోతున్నాడు. నడుముకి తాళంచెవులు. మామ్మ — "ఈడికి జీతం దండగ."

సేనాధిపతి నవ్వాడు. కుట్ర పన్నాడు, నవ్వాడు. కుట్ర బయటపడింది, మళ్ళీ నవ్వాడు. చూద్దును కదా, మామ్మ గురక పెడుతోంది.

సెప్టెంబర్ 12

ఇవాళ సుల్తాను సినిమా, హిందీ. గులాబీ పువ్వు వాసన చూస్తాడు. మంత్రి మాట్లాడుతుంటే చూస్తాడు, కొడుకు తిరగబడితే చూస్తాడు. అంత వాసన ఏముందో ఆ పువ్వులో. చివర్లో పువ్వు కిందపడేసి కోపంగా నవ్వాడు. కోపమొస్తే నవ్వడమేమిటి? నాన్నకి కోపమొస్తే చొక్కా విప్పి మేకుకి తగిలిస్తాడు, ఇల్లంతా సైలెంటు.

మామ్మకి సుల్తాను నచ్చాడు. "మంచి బట్టలేసుకున్నాడు."

సెప్టెంబర్ 13

క్లాసులో అడిగేశాను. "సార్, ఆ కాలం రాజులు నిజంగా అలా గట్టిగా నవ్వేవారా?"

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. చాక్‌పీసు చేతిలో తిప్పుతూ చాలాసేపు ఆలోచించి — "ఆధారాలు లేవమ్మా" అన్నారు. తరవాత భూమిశిస్తు గురించి చెప్పారు. భూమిశిస్తు మీద ఏ సినిమా రాలేదు.

అక్టోబర్ 2

సెలవు. ఇంగ్లీషు సినిమా. వాళ్ళ రాజ్యంలో ఎప్పుడూ వానే, ఎప్పుడూ బురదే. శ్రావణంలో మన బస్టాండు వెనక సందు చూసినట్టుంది. రాజుకి కూడా గోళ్ళలో మట్టి. ఇనుప బట్టలేసుకున్న వీరుడు గుర్రమెక్కాలంటే నలుగురు ఎత్తాలి. మరి వాడికి వీపు దురదపెడితే?

"ఒంటేలుకి ఎలగెల్తాడే?" — మామ్మ.

ఇద్దరం గంటసేపు దాని మీదే చర్చ. సినిమాలో యుద్ధం ఎప్పుడైపోయిందో చూడలేదు.

వెనక్కి తిరిగితే నాన్న! డ్యూటీ మారిందట, బేగి దిగిపోయాడు. టిఫిన్ క్యారేజీ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. నా ప్రాణం పోయింది. అలాగే చివరిదాకా నిలబడ్డాడు. కూర్చుంటే సినిమా చూసినట్టు లెక్క కదా, కూర్చోలేదు.

అన్నం తింటూ అన్నాడు — "ఆ గుర్రం మంచి గుర్రం."

అక్టోబర్ 20

పేరు ఇచ్చేశాను. గుడి కమిటీ సెక్రటరీ సుందరరావుగారు కళ్ళజోడు పైకి జరిపి, "మరియమ్మ వేషానికా?" అన్నారు. హేరోదుకండీ అన్నాను. కళ్ళజోడు తీసేశారు.

పోటీకి ప్రభాకర్ ఉన్నాడట. గుడిలో గిటారు వాయిస్తాడు, జుట్టు మాటిమాటికీ వెనక్కి ఎగరేస్తాడు. వాడు హేరోదేమిటి, నా మొహం.

అక్టోబర్ 27

తలుపులేసుకుని నవ్వు ప్రాక్టీసు. సేనాధిపతి నవ్వు, సుల్తాను నవ్వు, రెండూ కలిపి. పక్కింటి నూకాలమ్మగారు నిమ్మకాయ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అమ్మతో గుసగుస —

"గుంటకి గాలి సోకినట్టుంది. లేటు సెయ్యకండి. మీరు నమ్మరని తెల్సు, ఊరికే దిష్టి తీసీసి ఎలిపోతాను."

అమ్మ వద్దనలేకపోయింది. నిమ్మకాయ తిప్పించుకున్నాను. గొంతు మాత్రం బొంగురుపోయింది.

నవంబర్ 9

అయ్యో అయ్యో అయ్యో.

మొదట్నుంచీ రాయాలి. మా ఇంట్లో సీడీ ప్లేయర్ లేదు, గుడిలో ఉంది. వాక్య ప్రసంగాల సీడీలు చూడ్డానికి కొన్నది. ఇవాళ స్త్రీల సమాజం కూటం. "ఏదైనా మంచి సినిమా తేమ్మా" అని పాస్టరుగారి భార్య — మేమంతా అమ్మగారంటాం — నాతో అన్నారు. షాపుకెళ్ళాను. షాపతను సీడీ కవరు చూపించాడు. పెద్ద సిలువ, కింద మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్న మనిషి. "ఇది మీవోళ్ళ సినిమాయే అమ్మా" అన్నాడు. వెనక కత్తి ఉన్నట్టు నాకూ కనబడింది. రాజుల సినిమా అయితే నాకూ పనికొస్తుందిలే అనుకున్నాను. అదీ నేను చేసిన పని.

ప్రార్థన చేసి మొదలుపెట్టారు. తెర మీద సిలువలు, కొవ్వొత్తులు, తెల్ల అంగీ మీద ఎర్ర సిలువ వేసుకున్నవాళ్ళు వందలమంది మోకరించారు. "స్తోత్రం... స్తోత్రం..." అని ఆడవాళ్ళంతా. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మోకరించినవాళ్ళు లేచారు. లేచి, కత్తులు దూసి, ఎదురుగా ఉన్న ఊరి మీద పడి నరకడం మొదలుపెట్టారు!

"ఓలమ్మో! ఇప్పుడే కదా ప్రార్థన సేసారు?"

"బిషప్పుగారు పక్కనే ఉన్నారు, ఆపరేటి?"

ఆపడం కాదు, ఆయన ఒకావిణ్ణి కట్టెల మీద నిలబెట్టి నిప్పంటించమన్నాడు. మార్తమ్మ వదిన — దానియేలు మావయ్య కోడలు — "ఈయన్ని ఏ సంఘం ఏసుకుందండీ" అంది. మధ్యలో ఎవరో ఎవరినో ముద్దుపెట్టుకోబోతుంటే అమ్మగారు లేచి తెర ముందు కొంగు చాపి నిలబడ్డారు. కొంగు పలచన. అందరికీ కనబడింది.

ఒకటో సీడీ అయిపోయింది. అమ్మగారు ఆపేద్దామన్నారు.

ఎవరూ లేవలేదు.

"ఆ పాడు బిషప్పు ఏటవుతాడో సూడాలి కదండీ, లేపోతే రాత్రికి నిద్రట్టదు." రెండో సీడీ పెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. రెండో సీడీలో రాజు. లావుగా, బట్టతల, కిరీటం కూడా పెట్టుకోలేదు. బల్ల దగ్గర కూర్చుని ఉడకబెట్టిన కోడిగుడ్డు వలుచుకుంటున్నాడు. ఎవడో వచ్చి ఏదో అడిగాడు. రాజు తలెత్తలేదు. రెండు ముక్కలు ఇంగ్లీషులో, మెల్లగా, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నాడు. పెంకు గీకుతూనే ఉన్నాడు. నాకే సగం అర్థమైంది, అక్కడున్న వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు.

మామ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈడు సంపీమన్నాడే. అందర్నీ సంపీమన్నాడు."

ఇన్ని సినిమాల్లో ఎంతమంది ఎంత నవ్వినా గురక పెట్టిన మామ్మ!

నవంబర్ 10

పాస్టరు అయ్యగారికి తెలిసిపోయింది. పిలిచారు. "కూటంలో మనిషిని కాల్చే సినిమా ఏమిటమ్మా?"

సిలువ ఉందండీ అన్నాను.

హేరోదు వేషం గోవిందా అనుకుంటూ ఇంటికొచ్చాను. అన్నం సయించలేదు. నిజంగా ఏడుపొచ్చింది, సినిమా ఏడుపు కాదు.

నవంబర్ 24

ఎంపిక జరిగింది. ముందు ప్రభాకర్. జుట్టు ఎగరేసి నవ్వాడు. గంట కట్టిన తాడు ఊగింది, అబద్ధం ఎందుకు. కమిటీ చప్పట్లు కొట్టింది.

నేను కూర్చున్నాను. సంచిలోంచి కమలాపండు తీసి వలుస్తూ మెల్లగా ఆజ్ఞ ఇచ్చాను. నవ్వలేదు.

సుందరరావుగారు — "హేరోదులా లేదమ్మా, బేంకులో లోను కుదరదని చెబుతున్నట్టుంది."

అయ్యగారు — "రాజు కమలాపండు తిన్నట్టు బైబిల్లో ఉందా?"

"నవ్వినట్టూ లేదండయ్యగారూ."

అనకుండా ఉండాల్సింది. ప్రభాకర్‌కి ఇచ్చేశారు. నాకు దేవదూత. "పెద్ద దేవదూత" అని అమ్మగారు ఓదార్చారు.

నవంబర్ 25

కాలేజీకి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను.

డిసెంబర్ 1

ఈ రోజు మామ్మ ఏం చేసిందో రాసి తీరాలి.

ఆరాధన తరవాత సుందరరావుగారు ఏటా వచ్చినట్టే మా ఇంటికొచ్చారు. హేరోదు అంగీ మామ్మది. మిషన్ బంగళా ఖాళీ చేసేటప్పుడు దొరసాని ఇచ్చిన ఎర్ర ముఖమల్ కర్టెన్. ఏడాదంతా మామ్మ ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య ఉంటుంది, క్రిస్మస్‌కి బయటికొస్తుంది.

మామ్మ టీ ఇచ్చింది. బిస్కెట్లు ఇచ్చింది. అంగీ ఇవ్వలేదు.

"ఇస్తాను బాబూ, ఎందుకివ్వను. మా గుంటకి ఏసిస్తాను, అదే తొడుక్కుని వొస్తాది."

"మామ్మగారూ, కమిటీ తీర్మానం అండి..."

"తీర్మానం మీది బాబూ. కర్టెను నాది."

ఆయన నాన్న వైపు చూశారు. నాన్న చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. సుందరరావుగారు లేచి వెళ్ళిపోయారు.

మామ్మని ముద్దుపెట్టుకున్నాను. "సీ, వొదులు" అంది.

డిసెంబర్ 4

కమిటీ దిగొచ్చింది! హేరోదు నేనే. ప్రభాకర్‌కి సేనాధిపతి వేషం. వాడు నాలుగు రోజులుగా జుట్టు ఎగరెయ్యడం లేదు.

ఒక షరతు. నవ్వు ఉండాలి. "నవ్వు లేకపోతే పిల్లలు ఏడవరు, పిల్లలు ఏడవకపోతే అది హేరోదు కాదు. వచ్చే ఏడాది నీకు మళ్ళీ రెక్కలే" అని సుందరరావుగారు. అలాగేనండీ అన్నాను.

డిసెంబర్ 11

అంగీ పట్టుకుంటే కలరా ఉండల వాసన. సుల్తాను పువ్వు ఎందుకు వాసన చూసేవాడో ఇప్పుడు తెలిసింది.

డిసెంబర్ 17

రిహార్సలు. నవ్వాను. సండే స్కూలు పిల్లలు తిరిగి నవ్వారు. మళ్ళీ నవ్వాను. ఇంకా నవ్వారు. ప్రభాకర్ పళ్ళు బిగబట్టి నిలబడ్డాడు, వాడి భుజాలు ఊగుతున్నాయి. గొయ్యి తీసి నన్ను పాతిపెట్టండి.

డిసెంబర్ 21

దానియేలు మావయ్య సెలవు మీద వచ్చాడు. చిక్కిపోయాడు. నాకు నవ్వు నేర్పిస్తానని కబురుపెట్టాడు. వెళ్ళాను. "గొంతులోంచి కాదే, బొడ్డు కాడ్నుంచి రావాల" అని పెరట్లో నిలబడి నవ్వి చూపించాడు. మార్తమ్మ వదిన కూతురు చిన్నిది — ఇంకా నడక కూడా రాలేదు — గుక్కపట్టింది.

మావయ్య మొహం వెలిగిపోయింది. "సూసావా?"

గొప్పవాడే. ఒప్పుకోవాలి. కానీ పాప ఏడ్చింది చప్పుడుకి. బాణాసంచా కాల్చినా ఏడుస్తుంది. భయం అది కాదు, భయం నేను ఆ కోడిగుడ్డు దగ్గర చూశాను. ఎవరికి చెప్పను? చెబితే రెక్కలు.

డిసెంబర్ 23

నవ్వాలా వద్దా.

డిసెంబర్ 25

క్రిస్మస్. పొద్దున ఆరాధన అయ్యింది, పలావు తిన్నాం, అందరూ పడుకున్నారు. నిన్న సాయంత్రం సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

గుడి నిండిపోయింది. మాకవరపాలెం నుంచి కూడా వచ్చారు. ముందు వరుసంతా చంటిపిల్లల తల్లులు. దానియేలు మావయ్య సరిగ్గా మధ్యలో కుర్చీ వేయించుకున్నాడు, మార్కులు వెయ్యడానికి.

జ్ఞానులు వచ్చారు, వెళ్ళారు. ఒక జ్ఞాని గడ్డం ఊడింది. నేను కూర్చున్నాను. కమలాపండు తీశాను. వేళ్ళు తడిగా ఉన్నాయి, తొక్క జారుతోంది. ప్రభాకర్ కత్తి పట్టుకుని వచ్చి "మహారాజా, ఏమి సెలవు" అన్నాడు.

నేను తలెత్తలేదు. ఒక తొన నోట్లో పెట్టుకున్నాను.

"రెండేళ్ళలోపు మగపిల్లలు. అందరూ. తెల్లారేలోపు అయిపోవాలి."

ఇప్పుడు నవ్వాలి. తెర పక్కనుంచి సుందరరావుగారు నోరు పెద్దగా తెరిచి, చేతులూపి, నవ్వు నవ్వు అంటున్నారు. ఊపిరి పీల్చాను. నవ్వు బొడ్డు దగ్గర దాకా వచ్చింది కూడా. రానివ్వలేదు. గింజ అరచేతిలోకి ఉమ్మి, పక్కన పెట్టి, అప్పుడు ముందు వరుస వైపు చూశాను.

ఏ పిల్లా ఏడవలేదు.

మార్తమ్మ వదిన భుజం మీదున్న పాపని దించి ఒళ్ళోకి లాక్కుంది. ఆ పక్కావిడ కొడుకు తల మీద కొంగు కప్పింది. ఆ చివర ఇంకొకావిడ. వాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. నన్నే చూస్తున్నారు. వరుసంతా అలా చేతులు దగ్గరికొచ్చేశాయి, చప్పుడు లేకుండా.

ప్రభాకర్ కదలడం మర్చిపోయాడు.

"ఎల్లు" అన్నాను. డైలాగులో లేదు అది.

డిసెంబర్ 26

తీర్పులు. సుందరరావుగారు — "ఒక్క పిల్లయినా ఏడవలేదు. చెప్పానా లేదా?" ప్రభాకర్ — "నాకైతే భయమేసింది." వాడు మరీ అంత చెడ్డవాడు కాదు. అమ్మగారు నా చెయ్యి నొక్కారు. దానియేలు మావయ్య అందరికీ వినబడేలా "సున్నా!" అన్నాడు, తరవాత పక్కకి పిలిచి, చాలాసేపు మీసం సరిచేసుకుని, "నాకు నీరసమొచ్చీసిందే మొన్న" అని వెళ్ళిపోయాడు.

వచ్చే ఏడాది హేరోదు ఎవరో కమిటీ కొత్త సంవత్సరం కూటంలో చెబుతుందట.

ఇంకోటి రాయాలి. ఆ సాయంత్రం నాటిక అయ్యాక పాపని ఎత్తుకుందామని చేతులు చాపాను. రోజూ ఎత్తుకునేదాన్నే. వదిన నవ్వుతూనే అంది — "వేషం తీసీసి రామ్మా." అంగీ తీశాను. మొహం కడుక్కున్నాను. బొగ్గు మీసం పోయేదాకా రుద్దాను. వచ్చాను. పాప నా దగ్గరికి వచ్చింది, నా చెవి పట్టుకుని లాగింది కూడా. వదిన మాత్రం పాప వీపు మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

డిసెంబర్ 27

మామ్మని అడిగాను, బాగా చేశానా అని. "బాగా సేసావు" అంది. మళ్ళీ తనే, "ఇంక అలగ సెయ్యకే" అంది.

డిసెంబర్ 29

గుడి నుంచి వస్తుంటే బజారులో వదిన కనబడింది. కూరగాయలు బేరమాడుతోంది, చంకలో పాప. నేను దూరం నుంచే నవ్వాను. నా మామూలు నవ్వే. వదినా నవ్వింది, బాగున్నావా అంది. అంటూనే పాపని నా వైపున్న చంకలోంచి అవతలి చంకలోకి మార్చుకుంది.